టీచర్ రిఫ్లెక్షన్స్ గడిలో కొత్త ఎస్జీటీ ఏం రాస్తే మర్నాటి క్లాసుకి పనికొస్తుంది?

విభాగం: ప్రాథమిక తరగతులు – బోధన

కొత్త_సుద్దముక్క (ఎస్జీటీ అంటే ప్రాథమిక తరగతుల టీచర్, మహబూబాబాద్ జిల్లా)

అందరికీ నమస్కారం. 2024 డీఎస్సీలో వచ్చిన మా బ్యాచ్‌కి యూనిట్ ప్లాన్ రాయడం చేతికొచ్చింది. ప్లాను చివర, పాఠం ఎలా సాగిందో టీచర్ రాసుకోవడానికి ఉండే టీచర్ రిఫ్లెక్షన్స్ గడి దగ్గరే పెన్ను ఆగిపోతోంది. "పిల్లలు ఉత్సాహంగా పాల్గొన్నారు", "టీఎల్ఎం (బోధన సామగ్రి) బాగా ఉపయోగపడింది", "కొందరికి మళ్లీ చెప్పాలి". ఈ మూడు వాక్యాలు ఏ పాఠానికైనా అతుకుతాయి. వారం తర్వాత తిరగేస్తే ఎవరా కొందరు, ఏం మళ్లీ చెప్పాలి అన్నది అందులో ఉండదు.

మాది ఇద్దరు టీచర్ల బడి. 1, 2, 3 తరగతులు ఒకే గదిలో, మొత్తం 24 మంది. అందులో మూడో తరగతి 9 మంది. సగం మంది తండా పిల్లలు, ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. 4, 5 తరగతులు హెచ్‌ఎం సార్ చూస్తారు.

ఉదాహరణకి మూడో తరగతి తీసివేతలు. 42 − 17 ఇస్తే ముగ్గురి పలకల మీద 35 ఉంది. గడిలో "అప్పు తెచ్చుకోవడం రాలేదు" అని రాస్తే సరిపోతుందా? ఇంకా ఏం రాయాలి? మూడు తరగతులు చూసుకుంటూ ఇదంతా ఎప్పుడు రాయాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

లెక్కలగూడు (సిద్దిపేట)

సరిపోదు మేడం. 42 − 17కి 35 రెండు దారుల్లో వస్తుంది. ఒక పిల్లాడు ఒకట్ల స్థానంలో 2 లోంచి 7 పోదు కాబట్టి 7 లోంచి 2 తీసి 5 వేస్తాడు, పదుల్లో 4 లోంచి 1 తీసి 3 వేస్తాడు. ఇంకో పిల్ల పది అప్పు తెచ్చుకుని 12 లోంచి 7 తీసి 5 వేస్తుంది, పదుల్లో 4ని 3 చేయడం మరిచిపోయి 4 లోంచి 1 తీసి 3 వేస్తుంది. ఇద్దరి పలకల మీదా 35 ఉంటుంది. మొదటివాడికి అప్పు అన్న సంగతే తెలియదు. రెండో పిల్లకి అప్పు తెచ్చుకోవడం వచ్చు, తెచ్చింది ఎక్కడినుంచో రాసుకోవడం రాదు. ఇద్దరికీ ఒకే పాఠం మళ్లీ చెబితే ఒకరికి వృథా.

అందుకని పరీక్షించే లెక్కలో అంకెలు చూసి ఎంచుకోవాలి. ఒకట్ల స్థానంలో రెండు అంకెల తేడా 5 అయితే ఈ రెండు తప్పులూ ఒకే జవాబులో కలిసిపోతాయి. 42 బదులు 43 − 17 ఇవ్వండి. సరైన జవాబు 26. పెద్దదాంట్లోంచి చిన్నది తీసే అలవాటున్నవాళ్లకి 34 వస్తుంది. అప్పు తెచ్చి పదులు తగ్గించనివాళ్లకి 36. గుర్తు చూడకుండా కూడేవాళ్లకి 60. పలక చూడగానే ఎవరు ఎక్కడున్నారో తెలుస్తుంది.

గడిలో రాయాల్సింది ఈ జవాబుల్నే. "అప్పు రాలేదు" అన్నది మన తీర్మానం. "34 – ముగ్గురు, 36 – ఒకరు" అన్నది పిల్లలు చూపించిన సంగతి. మన తీర్మానం రేపు మారొచ్చు, పలక మీద ఉన్న అంకె మారదు. అంకె రాసి ఉంటే రేపు ఇంకోలా ఆలోచించడానికి వీలుంటుంది.

పలకబలపం (గుంటూరు)

లెక్కలగూడు సార్ మాటకి ఒకటి కలుపుతాను. జవాబు రాసుకున్నాక "ఇది ఎలా చేశావురా, చెప్పు" అని అడగాలి. గొంతులో తప్పు పట్టే ధ్వని లేకుండా అడగడం ముఖ్యం. సరైన జవాబు రాసినవాళ్లని కూడా అదే మాట అడిగితేనే పిల్లలు భయపడరు. తప్పు చేసినప్పుడే అడిగితే ఆ ప్రశ్న వినగానే పలక తుడిచేస్తారు. తుడిచిన పలకతో మనకి ఏమీ తెలియదు. తప్పయితే చెరపొద్దు, పక్కన ఇంకోసారి చేయండి అని మొదటి వారంనుంచే అలవాటు చేయాలి. పలక మీద వీలుకాకపోతే రఫ్ నోట్సులో పెన్సిలుతో చేయించండి, రబ్బరు ఆ పీరియడ్ వరకు పక్కన పెట్టించండి.

ఎప్పుడు రాయాలి అంటే, 24 మంది గురించి రోజూ రాయాలనుకుంటే మూడో రోజుకే మానేస్తారు. రోజుకి నలుగురిని ఎంచుకోండి. వారానికి ఆరు రోజులు, ఆరు నాలుగులు ఇరవై నాలుగు. శనివారానికి అందరూ ఒక చుట్టు పూర్తవుతారు. ఆ రోజు ఆ నలుగురి పలకలు, చదువు, మాట కొంచెం దగ్గరగా చూడండి. మిగతావాళ్లకి పాఠం మామూలుగానే నడుస్తుంది. పేర్లు ముందే వేసుకోకపోతే కన్ను ఎప్పుడూ ముందు కూర్చునేవాళ్ల మీద, అల్లరి చేసేవాళ్ల మీదే ఉంటుంది. నోరు విప్పకుండా చివర కూర్చునే పిల్ల నెలంతా మన రాతలోకి రాదు.

జేబులో పట్టే చిన్న పుస్తకం చాలు. పిల్లకో రెండు పేజీలు. ఒక్కో నమోదులో తేదీ, ఇచ్చిన పని, పిల్ల రాసింది లేదా అన్నది ఉన్నదున్నట్టు, మన ఊహ, రేపు చేసేది. మొత్తం రెండు మూడు లైన్లు దాటకూడదు. మధ్యాహ్న భోజనం గంట కొట్టాక పిల్లలు చేతులు కడుక్కునే ఐదు నిమిషాల్లో ఉదయం సంగతి, సాయంత్రం బడి వదిలాక మిగతాది. ఇంటికెళ్లి రాద్దాం అనుకుంటే అంకెలు మరిచిపోయి మళ్లీ "కొందరికి రాలేదు" దగ్గరికే వస్తాం.

శిక్షణగది (డైట్, అంటే జిల్లా టీచర్ల శిక్షణ సంస్థ అధ్యాపకుడు)

చిన్న పుస్తకం వేరు, యూనిట్ ప్లాన్ గడి వేరు అని స్పష్టంగా ఉంచుకోండి. ప్లాన్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సముదాయం) హెచ్‌ఎం చూస్తారు, ఎంఈఓ (మండల విద్యాధికారి) చూస్తారు, ఎవరైనా తిరగేస్తారు. పిల్లల పేర్లు, ఇంటి సంగతులు అందులో వద్దు. "9 మందిలో 26 – నలుగురు, 34 – ముగ్గురు, రేపు పుల్లల కట్టలతో విప్పడం" అని సంఖ్యల్లో రాస్తే తనిఖీకి వచ్చినవారికీ అర్థమవుతుంది, మీకూ పనికొస్తుంది. పేరుతో ఉన్నది మీ పుస్తకంలోనే.

ఒక విషయంలో పలకబలపం గారితో ఏకీభవించను. మొదటి నెలలో రోజుకి నలుగురు పద్ధతి మొదలుపెట్టే ముందు అందరినీ ఒక్కొక్కరిగా ఒకసారి చదివించి చూడాలి. ఎక్కడ ఉన్నారో తెలియకుండా నలుగురిని చూస్తే మనం చూసేది ఎంత ముందుకెళ్లిందో పోల్చడానికి ఏమీ ఉండదు.

చదువు చూసే పద్ధతి ప్రథమ్ సంస్థ పిల్లల చదువు స్థాయి తెలుసుకోవడానికి చేసే అసర్ సర్వేలో వాడేదే సులువు. నాలుగు మెట్లు: అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ. పేరా ఒకటో తరగతి స్థాయిలో నాలుగు చిన్న వాక్యాలు, కథ రెండో తరగతి స్థాయిలో ఏడెనిమిది వాక్యాలు. మొదట పేరా ఇవ్వాలి, అక్షరాలు కాదు. పేరా తడబడకుండా, మూడు తప్పులకు మించకుండా చదివితే కథ ఇవ్వాలి. పేరా దగ్గర ఆగితే పదాలు: పిల్ల ఎంచుకున్న 5 పదాల్లో 4 సరిగ్గా చదివితే పదాల మెట్టు. అదీ కాకపోతే అక్షరాలు, అక్కడా 5లో 4. పిల్లకి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. గదిలో మిగతా పిల్లలు వినే చోట చేయకండి, వరండాలో ఒక మూల కూర్చోపెట్టుకోండి. నలుగురి ముందు అయితే తర్వాత వచ్చే పిల్లలు పేరాని విని బట్టీ పట్టేస్తారు, రానివాళ్లు సిగ్గుతో నోరు మూసుకుంటారు.

పాఠ్యపుస్తకంలోని పేరా వాడొద్దు. చాలామంది పిల్లలు వాచకం మొత్తం చూడకుండా అప్పజెబుతారు, వేలు ఒక పదం మీద ఉంటుంది, నోరు ఇంకో పదం అంటుంది. చూడని పేరా ఇస్తేనే చదువు తెలుస్తుంది.

ఓనమాలు (శ్రీకాకుళం)

అక్షరాల మెట్టులో ఆగినవాళ్ల గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఒకటి, రెండు తరగతుల్లో పని అంతా అక్కడే ఉంటుంది.

గుణింతం పాడటం వేరు, చదవడం వేరు. "క కా కి కీ" అని వరసగా చెప్పే పిల్లకి మధ్యలోంచి "కె" మీద వేలు పెట్టి అడగండి. చాలామంది మొదటినుంచి మనసులో పాడుకుంటూ అక్కడిదాకా వస్తారు. పెదాలు కదలడం చూస్తే తెలుస్తుంది. ఆ పిల్లకి గుణింతం రాలేదు, పాట వచ్చింది. పుస్తకంలో "కె అడిగితే క నుంచి లెక్కపెట్టింది" అని రాసుకోండి. మర్నాడు వరస లేకుండా, కి, పి, లి, తి అని ఒకే గుర్తుని నాలుగైదు హల్లుల మీద చూపించండి. గుర్తు ఏం చేస్తుందో అప్పుడు కంటికి ఆనుతుంది. గుణింతాన్ని అడ్డంగా ఎంత చెప్పినా నిలువుగా కూడా చెప్పాలి.

కలగలిసిపోయే అక్షరాలు ఇంచుమించు ప్రతి బడిలోనూ ఇవే: ప–వ, మ–య, న–స, బ–భ, ద–డ–ధ–థ. ఒకదానికొకటి పోలిన రెండింటినీ ఒకే వారంలో నేర్పకండి. ముందు ఒకటి బాగా స్థిరపడ్డాక, రెండు మూడు వారాల తర్వాత రెండోది. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి తేడా పిల్లలచేతే చెప్పించండి. ప–వ తేడా తలకట్టు దగ్గర ఉంటుంది. "వ"లో తలకట్టు అక్షరానికి అంటుకుంటుంది, "ప"లో విడిగా ఉంటుంది. బోర్డు మీద మనం తొందరలో ప తలకట్టుని కింది గీతకి తగిలించి రాస్తే పిల్లలు వ అని చదువుతారు, తప్పు వాళ్లది కాదు. కొత్త టీచర్లు ముందుగా చూసుకోవాల్సింది తమ బోర్డు రాతే. ఒకటో తరగతికి అక్షరం అరచేయంత పెద్దగా ఉండాలి.

ఇంకొకటి. పు, వు, ఫు మూడింటికీ కొమ్ము పక్కన కాకుండా కిందికి దిగి వస్తుంది. వకి కొమ్ము పక్కన పెడితే మ అయిపోతుంది, అందుకని. పిల్లలు కు, తు, లు నేర్చుకున్నాక "ఆవు" రాయమంటే "ఆమ" లాంటిది రాస్తారు. అది అజాగ్రత్త కాదు, నేర్పిన నియమాన్ని సరిగ్గా పాటించారన్నమాట. ఆ తప్పు చూసి సంతోషించి, ఈ మూడింటినీ విడిగా చెప్పాలి. అలాగే మ, య, ఘ లకి ఒత్వం, ఓత్వం రూపం వేరు: మొ, యొ, ఘొ. వీటిని మిగతా హల్లులతో కలిపి ఒకే రోజు చెబితే పిల్లలకి నియమం ఏదో, మినహాయింపు ఏదో తెలియదు.

అక్షరమాల మొత్తం అయ్యేదాకా పదాలు ఆపొద్దు. త, ల, క, ప, వ, మ వస్తే తల, వల, కల, పలక, కమల వచ్చేస్తాయి. దీర్ఘం చేరిస్తే తాత, పాప, మామ, కాకి దగ్గరికి గుడి ఒక్కటే దూరం. ఒత్తుల్లో ముందు ద్విత్వాలు: అక్క, అమ్మ, పిల్లి, బల్ల. క, త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరంలా ఉండవు కాబట్టి వాటికి ఎక్కువ రోజులు కావాలి. సంయుక్తాలు ఆ తర్వాతే.

ఏటవతల (భద్రాచలం ఏజెన్సీ)

తండా పిల్లలు సగం మంది అన్నారు కాబట్టి ఇది చెప్పాలి. మీ పుస్తకంలో "రాలేదు" అని రాసే ముందు ఆ పిల్లకి ఆ తెలుగు మాట తెలుసా అని చూసుకోండి. గోడ మీద చార్టులో అమ్మ బొమ్మ వేసి పక్కన అ అని ఉంటుంది. లంబాడీ పిల్ల ఆ బొమ్మ చూసి "యాడి" అంటుంది. నీళ్ల బొమ్మకి "పాణి" అంటుంది. కోయ పిల్లాడు నీళ్లని "ఏరు" అంటాడు. బొమ్మ పేరులోంచి మొదటి ధ్వని పట్టుకోమని అడుగుతున్నాం, పిల్ల తన మాటలోంచి సరిగ్గానే పట్టుకుంటోంది, మన చార్టులో అది తప్పు.

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. కొత్త పాఠంలో బొమ్మలు, ముఖ్యమైన మాటలు ఒక ఏడెనిమిది ముందురోజే తీసి పెట్టుకోండి. పాఠానికి ముందు ఐదు నిమిషాలు బొమ్మ చూపించి "మీ ఇంట్లో దీన్నేమంటారు?" అని అడిగి, పిల్లల మాటని తెలుగు లిపిలో బోర్డుకి ఎడమవైపు, తెలుగు మాటని కుడివైపు రాయండి. నాలుగు రోజులు అవే మాటలు మాట్లాడించాకే చదవడం. తెలుగు కొంచెం బాగా వచ్చిన తండా పిల్లల్ని రానివాళ్ల పక్కన కూర్చోబెట్టండి, సూచనలు లంబాడీలో చెప్పుకోనివ్వండి. క్లాసులో ఇంటి భాష మాట్లాడొద్దు అంటే ఒకటో తరగతి పిల్ల చేసే పని నోరు మూసుకోవడమే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మొదలైన బహుభాషా బోధన కింద గోండి, కోయ, కువి, సవర, బంజారా వగైరా ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తయారయ్యాయి. పాత బడుల బీరువాల్లో, కాంప్లెక్స్ గదుల్లో ఇప్పటికీ కొన్ని దొరుకుతాయి. బంజారా వాచకం ఉందేమో అడిగి చూడండి. కథలు, బొమ్మలు అక్షరాలా వాడుకోవచ్చు.

ఓనమాలు (శ్రీకాకుళం)

ఏటవతల గారు చెప్పింది తెలుగు ఇళ్ల పిల్లలకీ వర్తిస్తుంది. చార్టులో వెల్లుల్లి ఉంటే తెలంగాణ పిల్ల ఎల్లిగడ్డ అంటుంది. వంకాయని "ఒంకాయ" అని రాసే పిల్లకి వ రాదని అనుకోకండి, విన్నది విన్నట్టు రాసింది. పుస్తకంలో ఇలాంటివాటికి వేరే గుర్తు పెట్టుకోండి. అక్షరం తెలియక తప్పు రాస్తే "అ", ఇంటి మాట రాస్తే "ఇం" అని. రెండోదాన్ని దిద్దే తొందరలేదు. ఒకటి రెండు తరగతుల్లో ఎర్ర ఇంకు దానిమీద పెడితే పిల్లలు తెలిసిన మాటలు మానేసి, తప్పు పడని నాలుగు మాటలే రాస్తారు.

కొత్త_సుద్దముక్క

చాలా ధన్యవాదాలు అందరికీ. మూడు తరగతుల్లో ఒక తరగతి పిల్లల పలకలు దగ్గరగా చూస్తుంటే మిగతా రెండు తరగతులు ఆగవు. ఒకటో తరగతి పిల్లలు రెండు నిమిషాలకోసారి వచ్చి "అయిపోయింది మేడం" అంటారు. అంతసేపు చూడటం ఎలా కుదురుతుంది?

ఐదుతరగతులు (అనంతపురం)

ముందు పీరియడ్లు కలపండి. 40 నిమిషాల్లో మూడు తరగతులకి 13 నిమిషాల చొప్పున పంచితే ఎవరికీ ఏమీ దక్కదు. ఉదయం తెలుగుకి 90 నిమిషాలు ఒకే ముక్కగా తీసుకోండి. మొదటి 10 నిమిషాలు అందరూ కలిసి పాటో కథో. తర్వాత 25 నిమిషాల చొప్పున మూడు చుట్లు, ఒక్కో చుట్టులో ఒక తరగతి దగ్గర కింద కూర్చోండి. చివర 5 నిమిషాలు పుస్తకాలు సర్దడం, పనులు చూడటం. లెక్కలకీ అంతే.

గుట్టు అంతా మీరు దగ్గర లేని తరగతులకి ఇచ్చే పనిలో ఉంది. అది నిన్న నేర్చుకున్నదై ఉండాలి, ఈరోజు కొత్తది కాకూడదు. కొత్తది ఇస్తే సందేహాలతో మీ దగ్గరికి వస్తారు. "ఈ పేజీ చూసి రాయండి" అన్న పని మూడో తరగతి ఎనిమిది నిమిషాల్లో ముగించి కొట్లాట మొదలుపెడుతుంది, ఒకటో తరగతికి అది గంటైనా అవ్వదు. ముగింపు లేని పని ఇవ్వాలి: ఈ ఆరు అక్షరాలతో ఎన్ని పదాలు అవుతాయో రాయండి, 25 వచ్చే కూడికలు ఎన్ని చేయగలరో చేయండి, బొమ్మ చూసి ఐదు వాక్యాలు రాసి జతవాడికి చదివి వినిపించండి. ఒకటో తరగతికి చింతపిక్కలు అక్షరం గీత మీద పేర్చడం, ఇసుకలో రాయడం, అక్షర కార్డులు జతపెట్టడం. చేతికి పని ఉంటే వాళ్లు 20 నిమిషాలు కూర్చుంటారు.

"అయిపోయింది మేడం"కి మందు: అయిపోయినవాళ్లు చేయాల్సింది గోడ మీద ముందే బొమ్మలతో ఉండాలి. ఒకటి, పక్కవాడికి చూపించు. రెండు, లైబ్రరీ మూలనుంచి పుస్తకం తీసుకో. మూడు, పలక మీద బొమ్మ వెయ్యి. మీరు ఒక గుంపు దగ్గర కూర్చున్నంతసేపు అత్యవసరమైతే తప్ప రాకూడదని ఒక గుర్తు పెట్టుకోండి, మెడలో ఎర్ర దారమో, పక్కన ఎర్ర డబ్బానో. నీళ్లు, బాత్రూము, దెబ్బ తగలడం అత్యవసరమే. పెన్సిల్ మొన విరగడం కాదు, దానికి ప్రతి గుంపులో చెక్కిన పెన్సిళ్లు రెండు డబ్బాలో ఉండాలి. ఈ అలవాటు వారం పది రోజులు పాఠం చెప్పినట్టే చెప్పి, చేసి చూపించి, చేయించాలి. దానికి సమయం పోతోందని బాధపడకండి, ఏడాదంతా తిరిగి వస్తుంది.

మూడు తరగతులూ మీ బోర్డు వైపే కూర్చుంటే మీరు ఒకరికి చెప్పేది అందరూ వింటారు. మూడు గోడలవైపు మూడు గుంపులు. గోడ కింద రెండడుగుల ఎత్తున నల్లరంగు వేయిస్తే పిల్లలకి సొంత బోర్డు అవుతుంది. స్కూల్ గ్రాంటులో పట్టే ఖర్చే. మదనపల్లె దగ్గర ఋషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం వాళ్ల నిచ్చెన–కార్డుల పద్ధతి ఇలాంటి బడుల కోసమే పుట్టింది. కార్డు మీద బొమ్మ గుర్తు ఉంటుంది, పిల్ల నిచ్చెన మీద తన మెట్టు చూసుకుని కార్డు తానే తీసుకుంటుంది. పూర్తిగా అదే పెట్టలేకపోయినా తనకి తాను పని తీసుకునే అలవాటు అక్కడినుంచి నేర్చుకోదగ్గది.

పలకబలపం (గుంటూరు)

పిల్లలు గోల చేస్తే బల్ల మీద కర్రతో కొట్టడం, అరవడం మొదటి నెలలోనే అలవాటైపోతుంది, తర్వాత పోదు. కొట్టడాన్ని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది అన్నది అందరికీ తెలుసు. అరుపు గురించి ఎవరూ చెప్పరు: మన గొంతు పెరిగినకొద్దీ వాళ్ల గొంతూ పెరుగుతుంది. చప్పట్లు ఒక లయలో కొడితే పిల్లలు అదే లయ తిరిగి కొట్టి చేతులు కట్టుకోవాలి, అప్పటిదాకా మనం మాట్లాడకూడదు. సగం మంది ఆగగానే మాట్లాడటం మొదలుపెడితే ఆ గుర్తుకి విలువ పోతుంది.

లెక్కలగూడు (సిద్దిపేట)

మళ్లీ తీసివేతకి వస్తాను. 34 రాసిన ముగ్గురికి బోర్డు మీద ఇంకోసారి చేసి చూపిస్తే ఉపయోగం లేదు. చేతికి పుల్లలు కావాలి. ముగ్గురు నలుగురికి ఒక సంచి: 100 పుల్లలు, 10 రబ్బరు బ్యాండ్లు. కొబ్బరి ఈనెలు నాలుగంగుళాల ముక్కలుగా కత్తిరిస్తే ఖర్చు లేదు, మొనలు గీరుకోకుండా చూసుకోవాలి. ఐస్‌క్రీం పుల్లలైతే ఏళ్ల తరబడి వస్తాయి.

కట్టలు పిల్లలే కట్టాలి. చాలా బడుల్లో టీఎల్ఎం మేళా కోసం చేసిన కట్టలకి జిగురు పెట్టి ఉంటుంది, చూడ్డానికి అందం, విప్పడానికి రాదు. తీసివేతలో అసలు సంగతే కట్ట విప్పడం. 43 అంటే నాలుగు కట్టలు, మూడు విడి పుల్లలు. 17 ఇమ్మని అడగండి. మూడు విడి పుల్లలు చూసి పిల్ల ఆగుతుంది. ఆ ఆగడం దగ్గర మీరు ఏమీ చెప్పకండి, అర నిమిషం ఆగండి. ఎవరో ఒకరు రబ్బరు బ్యాండు తీస్తారు. ఇప్పుడు మూడు కట్టలు, పదమూడు విడివి. ఏడు ఇస్తే ఆరు, ఒక కట్ట ఇస్తే రెండు కట్టలు. కట్ట విప్పిన క్షణంలోనే పలక మీద 4 కొట్టేసి 3, 3 పక్కన ఒకటి చేర్చి 13 రాయించండి. పుల్లలన్నీ అయ్యాక తర్వాత రాయిస్తే చేతిలో జరిగిందీ పలక మీద ఉన్నదీ రెండు వేరు లెక్కలైపోతాయి. 36 రాసిన పిల్లకి పోయింది ఇదే ముక్క, ఆమెకి పుల్లలు పది నిమిషాలు చాలు.

26 రాసిన నలుగురిని ఖాళీగా ఉంచకండి. 40 − 17 ఇవ్వండి. సున్నా వచ్చేసరికి కొత్త తప్పులు బయటపడతాయి: 37 వస్తే సున్నాని పక్కన పెట్టి 7 దించేశారు, 30 వస్తే సున్నాలోంచి ఏమీ పోదని సున్నా వేశారు, 33 వస్తే పదులు తగ్గించలేదు. సరైనది 23.

సంఖ్యలు రాయడంలో ఒకటి చూసుకోండి. "నూట ఐదు" అంటే పిల్లలు 1005 రాస్తారు. వందకి 100 రాసి పక్కన 5 పెట్టారు, విన్నదాని ప్రకారం న్యాయంగానే ఉంది. అట్ట ముక్కలతో స్థాన విలువ కార్డులు చేయండి: వంద కార్డు మూడు గడుల పొడవు, పది కార్డు రెండు గడులు, ఒకటి కార్డు ఒక గడి. 100 మీద కుడివైపు చివరి సున్నాపై 5 పెడితే 105 కనిపిస్తుంది. 5 ఎత్తితే కింద సున్నా ఉంటుంది. వారం రోజులు పిల్లలే పెట్టి ఎత్తితే 1005 చాలావరకు పోతుంది.

కొత్త_సుద్దముక్క

ఒకటి రాసి చూశాను. గడిలో ఇలా ఉంటే సరేనా?

"మూడో తరగతి, 9 మంది. 43 − 17: 26 – నలుగురు, 34 – ముగ్గురు, 36 – ఒకరు, 60 – ఒకరు. రేపు: 34 గుంపుకి పుల్లలతో కట్ట విప్పడం, 25 నిమిషాలు, టీచర్ దగ్గర. 36కి కట్ట విప్పుతూ రాయడం. 60 రాసిన వారిని గుర్తు చదివి చెప్పమనడం. 26 గుంపుకి 40 − 17, 50 − 28 జతలుగా."

చదువు దగ్గర ఇంకో సందేహం. నిపుణ్ భారత్ (చిన్న తరగతుల్లో చదువు, లెక్కల పునాది కోసం కేంద్రం పెట్టిన కార్యక్రమం) లక్ష్యాల్లో రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు అని ఉంది. గడియారం పట్టి చదివించాలా?

శిక్షణగది (డైట్ అధ్యాపకుడు)

గడిలో రాసింది సరిగ్గా ఉంది. ఒకటి చేర్చండి: మళ్లీ ఎప్పుడు చూస్తారో తేదీ. పుల్లలు పట్టుకున్న మర్నాడే పరీక్షిస్తే అందరికీ వచ్చినట్టే ఉంటుంది. నాలుగైదు రోజులు గడిచాక చూస్తే నిలిచిందెంతో తెలుస్తుంది.

పదాల వేగం గురించి. 2021 జులైలో వచ్చిన నిపుణ్ భారత్ మార్గదర్శకాల్లోని ఆ అంకె దేశమంతటికీ కలిపి పెట్టింది. తెలుగులో ఒక్క పదంలోనే విభక్తి, క్రియ, సర్వనామం కలిసిపోతాయి. "వెళ్లిపోతున్నారంటే" ఒక పదమే, దాన్ని "ఆ", "ఈ"లతో సమానంగా లెక్కపెట్టలేం. అందుకే 2022లో ఎన్‌సీఈఆర్‌టీ 20 భాషల్లో చేసిన పునాది అభ్యసన అధ్యయనంలో ఏ భాషకి ఆ భాష స్థాయిలు విడిగా పెట్టారు. రెండు నెలలకోసారి ఒక నిమిషం చూసి రాసుకోండి, అంతకు మించి గడియారం వద్దు. పిల్లలు పరుగెత్తడం నేర్చుకుంటారు, ఫుల్‌స్టాప్ దగ్గర ఆగరు, "ఇప్పుడేం చదివావు?" అంటే చెప్పలేరు. మీ పుస్తకంలో వేగం కంటే ఎక్కడ ఆగింది, ఏ పదాన్ని ఏమని చదివింది, చదివాక ఒక ప్రశ్నకి జవాబు చెప్పిందా అన్నవి రాయండి. "చెట్టు"ని "చెటు" అంటే ఒత్తు. "కోతి"ని "కోడి" అంటే మొదటి అక్షరం చూసి ఊహించింది. రెండింటికీ మర్నాటి పని వేరు.

లెక్కలగూడు (సిద్దిపేట)

మేడం, మళ్లీ చూసే రోజుకి 52 − 28 వాడండి. సరైనది 24, పెద్దదాంట్లోంచి చిన్నది తీస్తే 36, పదులు తగ్గించకపోతే 34, కూడితే 80. ఈసారి 34, 36 అర్థాలు తారుమారయ్యాయి, గడిలో రాసేటప్పుడు జాగ్రత్త. అది ఇబ్బంది అనుకుంటే 61 − 24 ఇవ్వండి: అదే వరసలో 37, 43, 47, 85.

ఐదుతరగతులు (అనంతపురం)

ఆ చిన్న పుస్తకం ఏప్రిల్‌లో అటకెక్కించకండి. మూడో తరగతి పిల్లలు జూన్‌లో హెచ్‌ఎం సార్ గదికి వెళ్తారు. ఆఖరి వారంలో పిల్లకి రెండు లైన్ల చొప్పున, ఏ మెట్టులో చదువుతోంది, తీసివేత ఎక్కడిదాకా వచ్చింది అని ఒక కాగితం మీద తీసి సార్‌కి ఇవ్వండి. మార్కుల జాబితాలో ఇవి దొరకవు, నాలుగో తరగతి మొదటి నెల దీనితోనే మొదలుపెట్టొచ్చు.